కోళిక్కోడు యాత్ర

పడమటి సముద్రతీరమున మలబారు సీమకు పెద్దపట్టణమైన కోళిక్కోడును గూర్చి సోదరీమణులు చరిత్ర పుస్తకములలో చదివియే యుందురు. 1498వ సంవత్సరము మే నెలలో వాస్కోడగామా దిగినది ఈ పట్టణమునకు సమీపమున నున్న కాప్పాడు తీరముననే. సామూదిరి ప్రభువుల కాలమున అరబ్బులు, చీనావారు మిరియములకై ఇచ్చటికి ఓడలు నడపిరి. తమిళులు దీనిని కళ్లికోట్టై యందురు, ఇంగ్లీషువారు కాలికట్టనిరి. కాలికో యను నూలుబట్టకు ఆ పేరు ఈ యూరి వలననే వచ్చినది. 2023లో యునెస్కోవారు దీనిని సాహిత్య నగరముగా గుర్తించిరి. ఇన్ని విశేషములుండగా నేను వ్రాయబూనినది వేరొకటి. మంచము పట్టిన రోగిని ఇంట నుంచుకొని, జీతము లేక, సెలవు దినమనునది యెరుగక, ఏండ్ల తరబడి పరిచర్య చేయువారిని ఆ యూరివారు ఎట్లు కనిపెట్టియున్నారో కన్నులార చూచి వచ్చితిని. దానిని గూర్చి మీకు చెప్పవలెను.

మా అత్తగారికి పక్షవాతము వచ్చి ఇది ఆరవ యేడు. కుడిచేయి, కుడికాలు పడిపోయినవి. మాట ముద్దగా వచ్చును. బుద్ధి మాత్రము అద్దమువలె నున్నది. మా పట్టణమున ఒక ఆసుపత్రిలో పదునెనిమిది దినములుంచుకొని ఇంటికి బంపినప్పుడు మందుల చీటి యిచ్చిరే గాని, రోగిని ఎన్ని గంటల కొకమారు ప్రక్కకు త్రిప్పవలెనో, ఎట్లు త్రిప్పవలెనో ఒక్కరును చెప్పినవారు కారు. నెల తిరుగకుండ నడుము క్రింద పుండు పడెను. అది మానుటకు ఏడు నెలలు పట్టెను. ఆ యేడు నెలలలో నేను నేర్చిన పరిచర్యయంతయు ఆ పుండు నేర్పినదే. నావంటివారు మన వీధివీధికి నొకరైన నుందురని నా నమ్మకము. 2019లో భారత ప్రభుత్వపు గణాంకశాఖవారు దేశమందలి జనులు దినమును ఎట్లు గడపుదురో లెక్క తీసిరి. ఇంటివారి సంరక్షణలో పాల్గొను స్త్రీలు దినమునకు 134 నిమిషములు, పురుషులు 76 నిమిషములు అందుకై వెచ్చింతురని తేలినది. వంట, కడుగుట మొదలగునవి ఇందులో చేరవు. వానికి వేరు లెక్క. బిడ్డల పెంపకము మాత్రము ఇందులోనే చేరియున్నది. మంచము పట్టిన మనిషి యున్న ఇంట ఈ నిమిషముల లెక్క ఏ మూలకు వచ్చునో చదువరులే యూహింపగలరు.

మావారికి పూర్వమిత్రులొకరు, మలయాళీ, ఉపాధ్యాయ వృత్తి విరమించి ఈ సేవలో నున్నవారు, మూడేండ్లుగా రండు రండని వ్రాయుచుండిరి. నేను ఇల్లు కదలుటెట్లు? ఈ సంక్రాంతికి మా ఆడుబిడ్డ పిల్లలతో వచ్చి, “వదినా, నీవు పోయి రమ్ము. అమ్మను నేను చూచుకొందును” అనెను. ఆమెకు తోడుగా మా తోడికోడలు, పగలు పనిమనిషి, రాత్రివేళ మా పెద్దవాడు. నేనొక్కతె చేయు పనికి నలుగురు కావలసివచ్చిరి! మావారు లెక్కల మాస్టరు గనుక ఈ లెక్క వారిచేతనే వేయించితిని. కనుమనాడు కాకియైనను కదలదందురు. కాబట్టి ఆ మరునాడు బయలుదేరితిమి.

చెన్నపట్టణమున రాత్రి మంగళూరు మెయిలెక్కితిమి. తెల్లవారునప్పటికి బండి షోరనూరు దాటి భారతప్పుళ నది యొడ్డున పోవుచుండెను. ఏటి వెడల్పు మన కృష్ణను తలపించెను గాని, నీరు సన్నని పాయలై ఇసుకలో దారి వెదకుకొనుచుండెను. తిరూరు వచ్చినప్పుడు మావారు నన్ను కిటికీ యొద్దకు పిలిచి చూపిరి. మలయాళ భాషకు మన నన్నయభట్టువంటి వాడైన తుంచత్తు ఎళుత్తచ్చను పుట్టిన చోటట అది. అటుపై ఫరోకు పెంకుల కార్ఖానాలు, ఒకప్పుడు లోకమంతట పేరొందిన కల్లాయి కలపరేవు, కొబ్బరితోటల నడుమ ఎర్రని పెంకుటిండ్లు. ఊరిలో మానాంచిర చెరువును, మిఠాయి తెరువను అంగడివీధిని, అందలి రంగురంగుల హల్వాలను చూచితిమి. కొబ్బరినూనెతో వండిన ఆ హల్వా నా నాలుకకు పట్టలేదు. మావారు మాత్రము అరవీశెడు కొనిరి.

ఇక అసలు సంగతి. 1993లో ఈ యూరి ప్రభుత్వ వైద్యకళాశాలలో డాక్టరు ఎం. ఆర్. రాజగోపాల్, డాక్టరు సురేష్ కుమార్ మొదలగువారు కలిసి మానరాని వ్యాధితో బాధపడువారి నొప్పిని తగ్గించుటకై ఒక సంఘమును స్థాపించిరి. క్యాన్సరు నొప్పికి మార్ఫీను మాత్రను మించిన మందు లేదు. అయినను 1985లో వచ్చిన మాదకద్రవ్యముల చట్టము పుణ్యమా యని ఆసుపత్రులకు అది దొరకుట గగనమై పోయెను. ఆ చట్టమును 2014లో సవరించువరకు వీరు చేసిన పోరాటము ఒక గ్రంథమగును. రాజగోపాలుగారికి 2018లో పద్మశ్రీ బిరుదమిచ్చిరి.

అయితే నొప్పి తగ్గినను రోగి దుఃఖము తీరలేదు. ఇంటిలో బియ్యము లేనివానికి, చదువు మానిన కూతురున్నవానికి, పగలు రాత్రి మేలుకొనియుండి తానును రోగివలెనైన భార్య గలవానికి మాత్ర యేమి చేయగలదు? ఆసుపత్రికి రాలేని వారి మాట యేమి? అందుచేత 2000 సంవత్సర ప్రాంతమున ఈ పనిని వైద్యుల చేతిలోనుండి ఇరుగుపొరుగు చేతిలోనికి మార్చిరి. మలప్పురము జిల్లాలో మొదలై ఇది మలబారంతయు ప్రాకినది. పేటపేటకు ఒక సంఘము. అందు చేరగోరువారికి 16 గంటల పాఠములు, నాలుగు దినములు రోగుల యొద్ద అభ్యాసము. ఉపాధ్యాయులు, చేపలమ్మువారు, ఆటో నడపువారు, గృహిణులు, కళాశాల విద్యార్థులు ఇందున్నారు. అంగళ్లలో చిన్న హుండీలుంచి పోగుచేసిన చిల్లరతో పని జరుపుకొందురు. 2003లో వైద్యకళాశాల యావరణముననే పాలియేటివు వైద్యసంస్థ యొకటి వెలసినది. 2008లో కేరళ ప్రభుత్వము ఇందుకై ఒక విధానమును ప్రకటించి, ప్రతి పంచాయతియు ఒక నర్సును పెట్టుకొని ఇండ్లకు బంపునట్లు చేసినది. అక్కడ జనవరి 15వ తేది పాలియేటివు దినము. పిల్లలు హుండీలు పట్టుకొని వీధులు తిరుగుదురు.

మలయాళ భాషలో ఒక మాట నా మనస్సును పట్టుకొన్నది. ఆసుపత్రిలో రోగికి తోడుండు మనిషిని వారు “కూట్టిరిప్పుకారి” యందురు. కూడ కూర్చుండునది యని యర్థము. మనకు సంస్కృతమునుండి వచ్చిన శుశ్రూష యను శబ్దమున్నది. దానికి మొదటి యర్థము వినవలెనను కోరిక. సేవయను నర్థము తరువాత వచ్చినది. మా నాయనగారు అమరము చెప్పునప్పుడు ఈ విషయమును చెప్పియుండిరి. నా కప్పుడు పది యేండ్లు, పట్టించుకొనలేదు. కూర్చుండుట, వినుట. ఈ రెండు పనులును అక్కడ ఒక్కచోట చేయుట చూచితిని.

ఆ మిత్రుల భార్యయు పూర్వము ఉపాధ్యాయినియే. ఊరందరును ఆమెను “టీచర్” అనియే పిలుతురు. ఆమెతో, నర్సుతో, మరియొక కార్యకర్తతో ఒక దినమెల్ల వ్యానులో తిరిగితిని. ప్రతి గడపయందును ముందుగా నా సంగతి చెప్పి, ఇంటివారు సరేయన్న పిదపనే నన్ను లోనికి పిలిచిరి.

మొదటి ఇంట అరువది దాటిన ఇల్లాలు. భర్తకు మా అత్తగారి వ్యాధియే. నర్సు రోగి ప్రక్కకు పోగా, టీచరు తిన్నగా వంటయింటికి పోయి ముక్కాలిపీట మీద కూర్చుండెను. రోగిని గూర్చి ఒక్క మాటయు అడుగలేదు. “రాత్రి యెన్ని గంటలు నిద్రపోతివి? ఉదయము పుట్టు తింటివా, కట్టన్ చాయతోనే సరిపెట్టితివా? మోకాలి నొప్పికి చూపించుకొంటివా?” అని యడిగెను. ఆ యిల్లాలు మొదట నవ్వెను. తరువాత కొంగుతో ముఖము కప్పుకొని చాలసేపు ఏడ్చెను. టీచరు ఓదార్పు మాటలేవియు చెప్పలేదు. కూర్చుండెను, అంతే. అరగంట పట్టినది. ఆరేండ్లలో మా యింటికి వచ్చిన వైద్యులు, బంధువులు, పరామర్శకులు అందరును “పెద్దావిడ ఎట్లున్నారు?” అని యడిగినవారే. అది అడుగవలసిన మాటయే, కాదనను. అయినను ఆ వంటయింటి గుమ్మమున నిలిచి నాకు గొంతు పూడిపోయెను.

రెండవ ఇంట తల్లి కొడుకులు. నలువదేండ్ల కొడుకు, పోకచెట్టునుండి పడి వెన్నెముక విరిగినది. మలబారున చెట్లెక్కి బ్రదుకువారికి ఈ ప్రమాదము తరచుగ వచ్చునట. అతడు మంచము మీద కూర్చుండి గొడుగులు కుట్టుచున్నాడు. సంఘమువారు సామగ్రి తెచ్చియిచ్చి, కుట్టినవానిని వానలకు ముందు అమ్మిపెట్టుదురు. డబ్బు కొంచెమే గాని, తల్లికి ప్రొద్దున రెండు గంటలు తీరిక దొరకినదని ఆమెయే చెప్పెను. కొడుకు చేతికి పని యున్నంతసేపు తన్ను పిలువడట! మూడవ ఇంట పదునేడేండ్ల పిల్ల తల్లిని చూచుకొనుచున్నది. అక్కడ నేను లోనికి పోలేదు.

నర్సు నాకు చూపించిన పనులు కొన్ని సోదరీమణులకు పనికివచ్చునని వ్రాయుచున్నాను. దుప్పటినొకదానిని రెండు మడతలు వేసి రోగి భుజములనుండి తొడల వరకు అడ్డముగా పరచియుంచవలెను. పైకి జరుపవలసినప్పుడు ఇద్దరు చెరియొక వైపున ఆ దుప్పటిని పట్టి యెత్తిన చాలును; చంకలక్రింద చేతులు పెట్టి లాగరాదు. లాగినచో రోగి చర్మము ఒరుసుకొని పోవును, మన నడుమును విరుగును. ఒంటరిగా త్రిప్పవలసివచ్చినచో, ఎటు త్రిప్పుదుమో ఆ వైపున మనము నిలిచి, ఆవలి కాలిని మోకాలి వద్ద మడచి, ఆవలి చేతిని ఎదమీదికి తెచ్చి, భుజమును తుంటిని పట్టి మనవైపునకు దొర్లించుకొనవలెను. పూర్తిగా ప్రక్కకు పరుండబెట్టక, వీపువెనుక తలగడ నానించి కొంచెము వాలుగా నుంచుట మేలు. పిక్కలక్రింద మెత్తని తలగడనుంచి మడమలు పరుపునకు తగులకుండ చేయవలెను. నడుముక్రింద, తుంటిమీద, మడమలయందు దినమునకొకమారు చూడవలెను. ఎర్రనై, వ్రేలితో నొక్కినను ఆ యెరుపు తెల్లబడకున్నచో అదియే పుండునకు మొదలు. అంగళ్లలో అమ్ము చక్రమువంటి గాలిదిండ్లు మంచివని పలువురు కొందురు. చుట్టును నొక్కిపట్టి అవి నడిమి చోటికి రక్తము పోనీయవు గనుక వానిని వాడవద్దని నర్సు ఖండితముగా చెప్పెను. మా యింట అట్టిది యొకటి అటకమీద నున్నది.

ఆదివారము నాడు సముద్రతీరమునకు దగ్గరగా ఒక పాఠశాలలో పరిచర్య చేయువారికి మాత్రమే ఒక కూటము జరిపిరి. రోగుల యొద్ద ఉదయమునుండి సాయంకాలము వరకు కళాశాల విద్యార్థులును కార్యకర్తలును ఇండ్లలో కూర్చుండిరి. ఈ యేర్పాటు లేనిచో ఒక్కరును రాజాలరు గదా! ఏబదిమంది వరకు వచ్చిరి. నలుగురైదుగురు తప్ప అందరును ఆడువారే. హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులు ఒకే చాపమీద కూర్చుండిరి. ఉపన్యాసములు కొద్ది. ఒక వైద్యుడు అరగంట మాటలాడి, తరువాత గంటసేపు ప్రశ్నలకు జవాబు చెప్పెను. ఒక ముసలి ముస్లిము స్త్రీ మాప్పిళ పాట యెత్తుకొనగా తక్కినవారు చప్పట్లతో తాళము వేసిరి. వేడివేడి అరటిపండు బజ్జీలు, అల్లపు కాపీ. ఒక గదిలో చాపలు, తలగడలు పరచి తలుపు దగ్గరగా వేసియుంచిరి. అవి యెందులకని యడిగితిని. నిద్రపోవుటకట. ఒక నడివయసు స్త్రీ పది గంటలకు వచ్చి, ఆ గదిలో పడుకొని, భోజనమునకును లేవక, నాలుగు గంటలకు లేచెను. ఎవరును ఆమెను లేపలేదు. “పాటలు వినలేదే, వైద్యుని మాటలు వినలేదే” యని ఒక్కరును అనలేదు. 

సాయంకాలము అందరును సముద్రపుటొడ్డునకు నడచితిమి. నా ప్రక్కనున్న ఆమె యిల్లు అక్కడికి రెండు మైళ్లు. నాలుగేండ్ల తరువాత ఆనాడే సముద్రమును చూచినదట. ఇంటినుండి అలల మ్రోత రాత్రులందు వినబడుచుండునట!

రోగిసేవ ధర్మమనియు, దానికి విశ్రాంతి కోరుట అధర్మమనియు చెప్పు పెద్దలు మనలో కలరు. వారికి మహాభారతమున ఆశ్రమవాసపర్వమును మరల చదువుమని మనవి చేయుదును. కన్నులు లేని ధృతరాష్ట్రుడును, కన్నులు కట్టుకొన్న గాంధారియు అడవికి పోవునప్పుడు కుంతి తానై వెంట నడచెను. కొడుకులు ఎంత బ్రతిమాలినను మరలలేదు. అయితే ఆమె ఒంటరిగా పోలేదు. రాజును నడపుటకు సంజయుడుండెను, గాంధారిని నడపుటకు కుంతి యుండెను. విదురుడును వెంట వెళ్లెను. ఇద్దరు వృద్ధులకు ముగ్గురు! మన ఇండ్లలో ఇద్దరు వృద్ధులకు ఒక కోడలు.

కోళిక్కోడున అంతయు స్వర్గమని నేను చెప్పబోను. సంఘములలో అధ్యక్షులు, కోశాధికారులు నేను చూచినంతలో పురుషులే. మంచము ప్రక్కన నున్నవారు స్త్రీలే. ఈ మాట టీచరుతో అన్నప్పుడు ఆమె, “అబ్బాయిలకు త్రిప్పుట నేర్పుచున్నాము. కొందరు నేర్చినారు” అనెను. మంచము పట్టినవారిని విడువక చూచుకొను ఇంటివారికై కేరళ ప్రభుత్వము ఆశ్వాసకిరణమను పేర నెలకు 600 రూపాయలిచ్చు పథకమును పెట్టినది. ఆ సొమ్ము సకాలమున చేరుటలేదని పత్రికలవారు పలుమార్లు వ్రాసిరి. ఆరు వందలతో ఏమగునని యడుగవచ్చును. కాని ఇంటిలో రోగిని చూచుట ఒక పని యని, దానికి వెలగలదని కాగితము మీద వ్రాసిన ప్రభుత్వమొకటి యున్నదను మాట నాకు చిన్నదిగా తోచలేదు. మన హైదరాబాదున ఎం. ఎన్. జె. క్యాన్సరు ఆసుపత్రిలో నొప్పి తగ్గించు పాలియేటివు విభాగము కలదు. అవసరమున్నవారు తెలిసికొనుట మంచిది.

తిరుగు ప్రయాణమునకు ముందునాడు టీచరు నన్నొక ఇంటికి తీసికొనిపోయెను. అక్కడ రోగి లేడు. పోయి నాలుగు నెలలైనది. రోగి పోయిన తరువాత ఇంటికి పోయి పలుకరించుట వీరి పనిలో భాగమే. ఆ యిల్లాలికి ఇప్పటికిని రాత్రి రెండేసి గంటలకు తనంత మెలకువ వచ్చుచున్నదట. లేచి, త్రిప్పవలసిన మనిషి లేని మంచమును చూచి, మరల పడుకొనునట. “ఎన్నాళ్లు ఇట్లుండును టీచర్?” అని యడిగెను. “నాకు పదునాలుగు నెలలుండెను” అని టీచరు చెప్పెను. ఆమెయు తల్లికి తొమ్మిదేండ్లు పరిచర్య చేసినదని నా కప్పుడు తెలిసినది.

ఇంటికి వచ్చిన తరువాత మా వీధిలో విచారింపగా నావంటివారు నలుగురు తేలిరి. ఒకరి కొడుకు పుట్టుకతోనే నడువలేనివాడు; ఒకరి మామగారికి మతిమరపు; తక్కిన యిద్దరి యిండ్లలోను మా యింటి వ్యాధియే. అయిదుగురము కలిసి ఒక యేర్పాటు చేసికొంటిమి. వారమున ఒక్కొక్క దినము మాలో ఒకరికి మధ్యాహ్నము రెండు గంటలు సెలవు. ఆ సమయమున వేరొకరు ఆ ఇంట కూర్చుందురు. సెలవు దొరకినవారు గుడికి పోవుదురో, అంగడికి పోవుదురో, తలుపు వేసికొని నిద్రింతురో అడుగరాదు. ఇది మా నియమము. మా పెద్దవాడును దుప్పటితో యెత్తుట నేర్చినాడు. మొదట అందరికిని సంకోచమే. పరాయివారు వచ్చి మన మంచముల మురికి చూతురను సిగ్గు ఒక వైపు, మనవారికి పరాయి చేయి సరిపడునో లేదో యను బెంగ ఒక వైపు. పదివారములు గడచినవి, ఒక్క గురువారము తప్ప తప్పలేదు.

గురువారము మా యింటికి వచ్చునామె కిరాణా కొట్టువారి కోడలు. అత్తగారికి పోతనగారి భాగవతము చదివి వినిపించును. ఆమె యతి చోట విరువక గుక్కపట్టి చదువునట. తప్పు వచ్చినప్పుడెల్ల మా అత్తగారు ఎడమచేతితో మంచపుపట్టెను కొట్టుదురట. ఆమె మరల మొదటినుండి యెత్తుకొనునట. రెండు గంటలకు నాలుగు పద్యములు కూడ సాగుటలేదని ఆమె నాతో చెప్పి నొచ్చుకొన్నది. అత్తగారు మాత్రము బుధవారము సాయంకాలమునుండియే గురువారమెప్పుడని నన్ను వ్రేళ్లతో అడుగుచున్నారు.